మోదుగుపూల అద్దం

కరీంనగర్,
18 జూన్ 1994

రుక్మా వదినకు,

నీ మరదలు సీత రాస్తున్నది. ఆదిలాబాద్‌లో వానలు మొదలయ్యాయని రేడియోలో చెప్పారు. ఇక్కడ ఇంకా ఎండ మాడుస్తూనే ఉంది. నన్ను కన్న అవ్వ పోయి ఏడాది కావస్తున్నా ఆమె మంచం తీయలేదు, అక్కడే ఉంచాను. ఇప్పుడు దాని మీద ఏమున్నాయో చూస్తే నవ్వుతావు. అద్దాల పలకలు, ఒక బ్లేడు, రేడియం స్టిక్కర్ల చుట్టలు.

సంగతి మొదటి నుంచీ చెప్తాను. ఎదురింటివాళ్లు పై అంతస్తు వేశారు. వాళ్ల డాబా మీద నిలబడితే నేను ఏ కూర వండుతున్నానో మన వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. పరదా కడితే లోపల చీకటి. పొగమంచు పట్టినట్టుండే తెల్లద్దం వేయిద్దామని అద్దాల దుకాణానికి వెళ్తే, హైదరాబాద్ నుంచి రావాలి, ఇప్పట్లో కాదన్నారు. పక్కన బండ్లకు నంబర్లు అతికించే స్టిక్కర్ల దుకాణం ఉంది. ఆ దుకాణం ఆయన మా మాటలు విని, గాజును తెల్లగా చేసే మందు డబ్బాల్లో దొరుకుతుందనీ, తాను తెప్పిస్తాననీ చెప్పాడు.

పని చెప్పుకోవడానికి సులువే. నంబర్లకు వాడే స్టిక్కరు షీటును అద్దం మొత్తానికి అతికించాలి. దాని మీద బొమ్మ గీసి, గీత వెంబడి బ్లేడుతో కోసి, పువ్వు ఎక్కడ రావాలో అక్కడి ముక్కను మాత్రం ఊడదీయాలి. బయటపడిన గాజుకు కుంచెతో మందు పూసి, కాసేపు ఆగి నీళ్లతో కడిగేయాలి. తర్వాత మిగిలిన షీటు కూడా పీకేస్తే, మందు తగిలిన చోటు తెల్లగా, తగలనిచోటు మామూలుగా ఉంటుంది. నేను మల్లెతీగ వేశాను. ఇంటి పనికి వచ్చే మన చంద్రవ్వ దాన్ని చూసి, "గిది తుడిస్తె పోతదా సీతమ్మా?" అని చింతపండు, బూడిద పెట్టి ఇత్తడి చెంబును తోమినట్టు తోమింది. పోలేదు. ఆ రోజంతా నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఈ మందు సంగతి అన్నకు చెప్పకు. వెంటనే బస్సెక్కి వస్తాడు. కిందటి ఉత్తరంలో కూడా, నేనుండే పై వాటా కూడా కిరాయికి ఇచ్చేసి ఆదిలాబాద్ వచ్చెయ్ అని రాశాడు. నా కాలంటే అన్నకు భయం. మూడేళ్లప్పుడు పోలియో వచ్చిన కాలు ముప్పై ఆరేళ్లకు కొత్తగా ఏం చెడుతుంది? కుంటుకుంటూ అయినా బజారుకు పోయి వస్తున్నాను కదా. నువ్వే ఆయనకు నచ్చజెప్పు.

నీ సీత

*

ఆదిలాబాద్,
5 జులై 1994

సీతమ్మకు,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, చంద్రవ్వ తోమిన దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. గాజునే తినే మందు చేతిని వదులుతుందా? రబ్బరు తొడుగులు వేసుకుంటున్నావా లేదా, అది రాయలేదు. మీ అన్నకు చెప్పలేదు. నా కడుపులో మాట నిలవదని ఊరంతటికీ తెలుసు. నీ కోసం నిలుపుకుంటున్నాను, గుర్తుంచుకో.

ఇక్కడ వాన విడవడం లేదు. మీ అన్న రోజూ అడవిలోనే. ఫారెస్టు ఆఫీసులో కుర్చీ ఎందుకు వేశారో తెలియదు, ఆయన దాంట్లో కూర్చోగా నేను చూడలేదు. పక్కింటి మరాఠీ ఆమె పూరణపోళీలు చేసి పంపుతుంది. నేను సకినాలు పంపుతాను. ఆమె మాట నాకు సగం, నా మాట ఆమెకు సగం అర్థమవుతాయి. అయినా పొద్దంతా మాట్లాడుకుంటాం.

నాకూ ఒక అద్దం చేసి పెట్టు. ఈ క్వార్టరులో దేవుడి గదికి తలుపు ఉంది కానీ తలుపులో అద్దం లేదు, అట్ట కొట్టి ఉంది. హంసలూ నెమళ్లూ వద్దు, అవి అందరిళ్లలోనూ ఉంటాయి. మోదుగుపూలు వెయ్యి. మార్చిలో మీ అన్న నన్ను జీపులో తీసుకెళ్లి చూపించారు. చెట్టుకు ఆకు లేదు, అంతా పువ్వే. అప్పుడు పుస్తకంలో పెట్టుకున్న గుత్తి ఒకటి ఈ కవరులో పంపుతున్నాను. రంగు పోయింది, ఆకారం పోలేదు.

ఒక మాట. చంద్రవ్వకు పేరుంది. ఎదురింటి వాళ్ల పేర్లూ నాకు తెలుసు. ఆ స్టిక్కర్ల దుకాణం ఆయనకు మాత్రం పేరు లేదా?

మీ వదిన రుక్మాబాయి

*

కరీంనగర్,
20 ఆగస్టు 1994

వదినా,

ఉంది. అంబదాస్. మెట్‌పల్లి దగ్గర వాళ్లది. ఇంట్లో అందరూ నేసేవాళ్లే. ఆయన కూడా చాలాకాలం పవర్‌లూమ్‌ల మీద పని చేశాడట. ఆ చప్పుడుకు ఒక చెవి మందగించింది. ఇక ఇది వద్దని కరీంనగర్ వచ్చి, బోర్డులు రాయడం నేర్చుకుని, తర్వాత ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఎడమవైపు నిలబడి మాట్లాడితే ఆయనకు వినబడదు. అది తెలియక నేను మొదట్లో ఆయనకు పొగరు అనుకున్నాను.

తొడుగులు వేసుకుంటున్నాను. మొదట్లో వేసుకోలేదు, మణికట్టు మీద కొంచెం కాలింది, తగ్గిపోయింది. అంబదాస్ అది చూసి కోప్పడి, తొడుగులు వేసుకుంటానంటేనే ఇంకో డబ్బా తెచ్చిస్తానన్నాడు.

నీ మోదుగుపూలు ఒకసారి చెడిపోయాయి. చిలకముక్కులా వంగి ఉండే ఆ రేకును కోయడం ఎంత కష్టమో. అది బాగానే వచ్చింది, కానీ షీటు అంచును గట్టిగా అదమలేదు. మందు అంచు కిందికి పాకి, గుత్తి మొత్తం వడ్డించిన పెరుగన్నంలా ముద్దయింది. నాకు ఏడుపొచ్చింది. గాజు మీద తప్పు జరిగితే చెరపడానికి లేదు. అంబదాస్ ఆ అద్దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, కొన్ని రేకులు నిలిచినయి కదా, అవి ఎట్లా నిలిచాయో చూసి మిగతావి అట్లా చేద్దాం అన్నాడు. చేత్తో అదిమితే చాలదు, చెంచా వెనకవైపుతో రుద్దాలని అప్పుడు తెలిసింది. నీది మళ్లీ మొదలుపెట్టాను.

ఇంకో సంతోషం. మెట్‌పల్లి రోడ్డులో రాయమల్లు అని ఒకాయన దుబాయి నుంచి వచ్చి కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. తలుపులన్నింటికీ నా అద్దాలే కావాలన్నాడు. పెద్ద హాలు తలుపుకు వేములవాడ రాజన్న గుడి గోపురం వెయ్యాలట. గుడి చూసి గీసుకుందామని చంద్రవ్వను వెంటపెట్టుకుని బస్సులో వేములవాడ వెళ్లాను. అవ్వ పోయాక నేను ఊరు దాటింది ఇదే మొదలు. జనం మొక్కుకు తెచ్చిన కోడెల వెనక వరుసలో నిలబడి గోపురం గీస్తుంటే జనం నాకు దారి వదిలి పక్కనుంచి పోయారు. ఎవరూ నా కాలు చూడలేదు వదినా. అందరూ కాగితమే చూశారు.

సీత

*

ఆదిలాబాద్,
22 అక్టోబరు 1994

సీతమ్మా,

నీ ఉత్తరాలు నేను మళ్లీ మళ్లీ చదువుతానని నీకు తెలుసు. ఆగస్టులో ఒకటి, పండుగ ముందు ఒకటి, మొన్న ఒకటి. వరుసగా పెట్టి చదివాను. మొదటిదాంట్లో అద్దాలు ఎక్కువ, అంబదాస్ తక్కువ. మొన్నటిదాంట్లో అద్దాలే తక్కువయ్యాయి. ఆయన సద్ది ఏం తెచ్చుకుంటాడో, ఆయన చెల్లెళ్ల పెళ్లిళ్లు ఎట్లా చేశాడో, తనకు పెళ్లి ఎందుకు కాలేదో, అన్నీ నాకు కంఠతా వచ్చాయి. నవ్వులాటకే అంటున్నాను. నవ్వులాటే కదా?

ఇప్పుడు అసలు సంగతి. నిర్మల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. మనవాళ్లే. కాంట్రాక్టులు చేస్తాడు, భార్య పోయి రెండేళ్లయింది. మనిషి నెమ్మదస్తుడు. నీ కాలు సంగతి ముందే చెప్పాం, మాకు పట్టింపు లేదన్నారు. పక్షవాతం వచ్చిన తండ్రి మంచంలో ఉన్నాడు, ఇంట్లో చూసుకునే మనిషి కావాలట. ఆ మాట మీ అన్నకు సబబుగానే అనిపించింది. నాకు మాత్రం నచ్చలేదు. కానీ సీతా, నేనూ మీ అన్నా ఎన్నాళ్లుంటాం? అవ్వ పోయే ముందు నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. అది నాకు బరువు కాదు, కానీ మరిచిపోయేది కూడా కాదు.

ఒకసారి వచ్చి మనిషిని చూడు. నచ్చకపోతే నేనే వద్దని చెప్తాను.

మీ వదిన

*

కరీంనగర్,
14 నవంబరు 1994

వదినా,

నిర్మల్ సంబంధం వద్దు. ఆ పెద్దాయనకు సేవ చేయడానికి మంచి మనిషి దొరకాలని కోరుకుంటున్నాను, నిజంగానే. అది నేను కాను.

నవ్వులాటేనా అని అడిగావు. కాదు.

కిందటి శనివారం అంబదాస్ రాయమల్లు ఇంటికి వెళ్లాల్సిన అద్దాలు తీసుకుపోవడానికి వచ్చాడు. చంద్రవ్వ వరండాలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. అద్దాలన్నీ గోనెసంచుల్లో చుట్టి, మోకు కట్టి, ముడి సరిగా ఉన్నా మళ్లీ విప్పి కట్టాడు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు.

"సీతమ్మా, నేను సాలెవాళ్ల ఇంట్ల పుట్టినోణ్ణి. మీరు దొరలోళ్లు. గీ మాట అడుగరాదని నాకు తెలుసు. కని అడుగకుంట ఉంటె పని మీద మనసు నిలుస్తలేదు. మీకు ఇష్టమైతె నన్ను చేసుకోండ్రి. లేకుంటె గీ మాట ఇననట్టే మరిచిపోండ్రి, అద్దాలు ఎప్పటిలెక్కనే తెచ్చిస్త."

నేను జవాబు చెప్పబోతే ఆయన మందగించిన చెవి నా వైపు ఉంది. చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి చెప్పాల్సి వచ్చింది. నాకు అవ్వ లేదు, మా వదినకు రాస్తాను, అంతవరకు ఆగండి అన్నాను. సరే అని తల ఊపి అద్దాలు ఎత్తుకుని పోయాడు.

ఇన్నేళ్లలో నన్ను చూడటానికి వచ్చిన వాళ్లందరూ ముందు నా కాలు చూశారు, తర్వాత భూమి ఎంత రాస్తారని అడిగారు. నువ్వూ పళ్లెం పట్టుకుని నా పక్కనే నిలబడ్డావు, నీకు తెలుసు. ఈయన ముందు చూసింది నా కాలిన చెయ్యి. ఆయనకు నేను సరే అని చెప్పదలిచాను వదినా. నీకు చెప్పకుండా చెప్పడం ఇష్టం లేదు. అన్నకు ఎట్లా చెప్పాలో నువ్వే ఆలోచించు.

సీత

*

ఆదిలాబాద్,
28 నవంబరు 1994

సీతకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే మంథని నుంచి మీ బాపు తమ్ముడు, విద్యాసాగర్‌రావు చిన్నబాపు వచ్చాడు. నేను కవరు విప్పక ముందే అన్నం ముందు కూర్చుని మీ అన్నతో, "నీ చెల్లె స్టిక్కర్లు అతికెటోనితోని తిరుగుతుందట, కరీంనగరంత తెలుసు, నీకే తెల్వదా?" అన్నాడు. మీ అన్న పళ్లెంలోనే చెయ్యి కడుక్కున్నారు. 

వచ్చే నెలాఖరులోగా కరీంనగర్ ఇల్లు ఖాళీ చేసి, తాళాలు కింది వాటా వాళ్లకిచ్చి నువ్వు ఇక్కడికి రావాలని రాయమన్నారు. రాశాను.

నా మాట అడగకు. అన్నాళ్లు నీ మందు డబ్బాల సంగతి నా కడుపులో దాచాను. నువ్వు మాత్రం నాకు సగమే చెబుతూ వచ్చావు. చిన్నబాపు నోట వినాల్సి వచ్చింది.

రుక్మాబాయి

*

కరీంనగర్,
19 డిసెంబరు 1994

వదినకు,

జవాబు ఆలస్యమైంది. చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

సగమే చెప్పావన్నావు. మిగతా సగం అప్పటికి నాకే తెలియదు వదినా. తెలియగానే నీకు రాశాను. ఆ ఉత్తరం కన్నా చిన్నబాపు ఎక్కిన బస్సు ముందు చేరింది, అంతే.

ఇల్లు అన్న సొంతం. ఖాళీ చేయమంటే చేస్తాను, దాని గురించి పేచీ లేదు. ఆదిలాబాద్ మాత్రం రాను. మీ మీద కోపంతో కాదు. ఇక్కడ నాకు పని ఉంది. పొద్దున లేవగానే ఈ రోజు ఏం కోయాలి, ఏది కడగాలి అని ఆలోచించుకుంటూ లేస్తున్నాను. అవ్వ ఉన్నప్పుడు ఆమెకు మందులు వేయడం ఉండేది. ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఎందుకు లేస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఆ సంగతి నీకు ఎప్పుడూ రాయలేదు. నువ్వన్నట్టు, అది దాచింది నిజమే.

అంబదాస్‌కు సరే అని చెప్పాను. మాఘమాసంలో రిజిస్ట్రారు ఆఫీసులో. అన్న దగ్గర నేను అడిగేది ఒక్కటే. వద్దనే ముందు ఆయన్ని ఒకసారి చూడమను. చూసి వద్దంటే ఆ మాట నా ముందు అనమను. చిన్నబాపు మాట విని అనవద్దు.

నీ దేవుడి గది అద్దం రేపటి బస్సులో పార్సిల్ వేస్తున్నాను. చంద్రవ్వ తన పాత బొంత ఇచ్చింది, దాంట్లో చుట్టాం. ఈసారి రేకులు బాగా నిలిచాయి. గీత నాది, కోత నాది. బస్టాండు దాకా మోసింది మాత్రం ఆయన. ఇష్టం లేకపోతే బొంత విప్పకుండానే పక్కన పెట్టు. పగలగొట్టకు.

సీత

*

ఆదిలాబాద్,
2 ఫిబ్రవరి 1995

నా సీతకు,

ఇన్నాళ్లు రాయలేదని నువ్వు ఏమేం అనుకున్నావో నాకు తెలుసు. రాయడానికి నా దగ్గర ఏ మాటా లేదు. ఇప్పుడుంది. ఓపికగా చదువు.

అద్దం చేరింది. మీ అన్నే బస్టాండు నుంచి జీపులో తెచ్చారు. బొంత విప్పితే చిన్న పెచ్చు కూడా ఊడలేదు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. మోదుగు కొమ్మ వంపు, ఆ ముక్కులాంటి రేకులు, మొగ్గల మీది నూగు కూడా చుక్కలుగా పెట్టావు. ఆయన అడవుల్లో తిరిగే మనిషి కదా, ఆ చెట్టు ఆయనకు తెలుసు. "సీతనే చేసిందా?" అన్నారు. అవునన్నాను. గోడవైపు తిప్పి పెట్టి బయటికి వెళ్లిపోయారు.

అది అట్లాగే కొన్నాళ్లు గోడకు ఆని ఉంది.  ఒక ఆదివారం పొద్దున పూజ చేసుకుందామని వెళ్తే ఆయన నేల మీద కూర్చుని తలుపు అట్ట ఊడదీస్తున్నారు. అద్దం బిగించి, చీలలు కొట్టి, బొంతతోనే తుడిచి లేచారు. 

కిందటి వారం ఆఫీసు పని మీద కరీంనగర్ పోవాలన్నారు. వెళ్లాక చూస్తే స్కూటరుకు నంబరు ప్లేటు లేదు. దొంగలెత్తుకుపోయారనుకుని పక్కింటి ఆమెకు చెప్పాను. ఆమె వాళ్లాయనను పోలీసుల దగ్గరికి పంపబోయింది. రాత్రికి మీ అన్న తిరిగొచ్చి సంచీలోంచి ప్లేటు తీశారు. దాని మీద కొత్త స్టిక్కరు నంబరు, పసుపు అంచుతో. నేను ప్లేటు చూశాను, ఆయన్ని చూశాను. అన్నం పెట్టాను. సగం తిన్నాక ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

దుకాణానికి వెళ్లి, ఎవరో కొత్త మనిషిలా ప్లేటు ఇచ్చి నంబరు వేయమన్నారట. ముందు ఇద్దరున్నారు, కూర్చోండి అన్నాడట అంబదాస్. తనకు తొందరగా ఉందని, ఆఫీసరునని చెప్పారట. అయినా వాళ్ల తర్వాతే అన్నాడట. మీ అన్నకు కోపం వచ్చింది. బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతూ అతను కోసే తీరు చూస్తూ ఉండేసరికి కోపం తగ్గింది. తన వంతు వచ్చాక అంబదాస్ అంకెలు కోసి అతికించి, బట్టతో అదిమి, ప్లేటు చేతికిచ్చి, "మీరు సీతమ్మ అన్నగారు గదా సార్" అన్నాడట. ముఖంలో నీ పోలిక చూసి, వచ్చినప్పుడే గుర్తుపట్టాడట. గుర్తుపట్టి కూడా వంతు ప్రకారమే కూర్చోబెట్టాడు. మీ అన్న ఈ మాట చెప్తూ చిన్నగా నవ్వారు సీతా. నవంబరు నుంచి ఆ ముఖంలో నవ్వు చూడలేదు నేను.

ఆయన చుట్టూ తిప్పి అడగలేదు. "మా చెల్లె నడిచేటప్పుడు కాలు ఈడుస్తది. రేపు వయసు మీద పడితె ఇంక కష్టమైతది. నీకు సమజైందా?" అన్నారట.

"సమజైంది సార్. మెట్లు లేని ఇల్లు కిరాయికి చూసిన" అన్నాడట అంబదాస్.

అంతే. మీ అన్నకు ఇంకేమీ అడగాలనిపించలేదట. బస్టాండుకు నడుచుకుంటూ పోతూ మధ్యలో ఆగి, మన ఇంటి ముందు నుంచి వెళ్లి చూశారట. నువ్వు లోపల ఉన్నావో లేదో, పిలవలేదు. కింద మెట్ల దగ్గర నిలబడి వచ్చేశారు. నాతో చెప్తూ పళ్లెంలో వేళ్లు కదపడం ఆపేశారు. "మన ఇంటికి గన్ని మెట్లున్నయని గిన్నేండ్లల్ల నాకు తోచనే లేదు రుక్మా. అది రోజుకు ఎన్నిమార్లు ఎక్కి దిగిందో" అన్నారు. తర్వాత లేచి చాలాసేపు పెరట్లో నిలబడ్డారు. 

చిన్నబాపు ఒప్పుకోడు. పెళ్లికి రాడు, రానివాళ్లు ఇంకా ఉంటారు. ఆ మాట నీకు దాచను. నా పుట్టింట్లో కూడా నాలుగు మాటలు పడతాను. పడనీ. చిన్నబాపు నిన్న మనిషిని పంపిస్తే మీ అన్న అతనికి చాయ్ ఇప్పించి, మా ఇంటి పిల్ల సంగతి మేం చూసుకుంటాం అని చెప్పి పంపేశారు. ఇల్లు ఖాళీ చేయమన్న మాట మరిచిపోమన్నారు. నువ్వు ఎక్కడ ఉంటావో అది నీ ఇష్టమన్నారు.

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం నాది. ఇది నేను ఎవరినీ అడగకుండా నిర్ణయించుకున్నాను. అవ్వ పెట్టె అడుగున నీ కోసం దాచిన గద్వాల చీర నా దగ్గరే ఉంది, తెస్తాను. నవంబరులో నేను రాసిన ఆ ఉత్తరం ఉంటే చించెయ్. నాకు కోపం వచ్చింది నీ మీద కాదు, నా కన్నా ముందు వేరేవాళ్లకు నీ సంగతి తెలిసినందుకు.

పొద్దున పూజ చేసుకుంటుంటే తలుపు అద్దంలోంచి ఎండ పడుతుంది. పక్కింటి ఆమె వచ్చి చూసి, తన కోడలి సీమంతానికి ఇలాంటిది కావాలంటోంది. మరాఠీలో ఏదో పువ్వు పేరు చెప్పింది, అది ఏ పువ్వో కనుక్కుని రాస్తాను.

ఇది రాస్తుంటే మీ అన్న వచ్చి వెనక నిలబడ్డారు. ఆ కిరాయి ఇంట్లో మంచినీళ్ల నల్లా లోపల ఉందా, వీధిలో ఉందా అడగమంటున్నారు. వీధిలో ఉంటే తాను వచ్చి లోపలికి వేయిస్తారట. వెంటనే రాయి.

నీ వదిన రుక్మ